కొత్త మాట

"పాత మిల్లు వెనక కాల్చి చంపారు, అని రాస్తే జనం హడలిపోరూ?" కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు విప్లవ కమిటీ పెద్ద.

రేడియోకి వార్తలు రాసే అతను కళ్ళు నులుముకున్నాడు. విప్లవం వచ్చిన దగ్గర్నుంచీ అతనికి కంటినిండా నిద్ర లేదు.

"పోనీ, 'శిక్షించారు' అందామా?"

"ఏ కోర్టు శిక్షించిందని అడుగుతారు."

"'ఏరివేశారు'?"

"పోయిన నెలంతా ఏరివేతేగా! పాతబడిపోయిందయ్యా. చెవికి మెత్తగా ఉండాలి. వినగానే, పోనీలే పాపం, మంచే చేశారు అనిపించాలి."

అతనికి ఎక్కడైనా కాసేపు నడుం వాలిస్తే చాలనిపించింది. ఆ విసుగులోనే నోరు జారాడు.

"అలిసిపోయినవాళ్ళకి విశ్రాంతి ఇచ్చారు, అని రాయనా?"

కళ్ళు మూసుకుని ఆ మాటని లోపలే ఒకసారి పలికి చూసుకున్నాడు కమిటీ పెద్ద.

"అద్దీ! విప్లవంతో నడవలేక అలిసిపోయినవాళ్ళకి విశ్రాంతి! నీ నోట్లో చక్కెర పొయ్య!" భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వార్తల్లో ఆ మాటే వెళ్ళింది.

సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. తమ్ముడి మంచం మీది దుప్పటి సగం నేల మీద ఉంది. వంటగదిలో అమ్మ కూనిరాగం తీస్తోంది.

"తమ్ముడేడమ్మా?"

"కమిటీ వాళ్ళొచ్చి తీసుకెళ్ళార్రా. మొన్న వీధి చివర ఆ కమిటీ వాళ్ళతోనే గొడవపడ్డాడు కదా, దానికేమోనని గుండె గుభేలుమంది. తీరా అడిగితే, విశ్రాంతికి అన్నారు. హమ్మయ్య, ఇప్పుడే కదా రేడియోలో విన్నాననుకున్నాను."

"ఎటు... ఎటు తీసుకెళ్ళారు?"

"పాత మిల్లు వైపు. తమ్ముడు రానని ఒకటే గింజుకున్నాడు. నేనే సర్దిచెప్పి పంపించాను. అన్నయ్య రాసిన వార్తరా, వాడు అబద్ధం రాస్తాడా అన్నాను. ఇంకేం మాట్లాడకుండా వాళ్ళ వెనకే వెళ్ళిపోయాడు."

అతను నేల మీది దుప్పటి తీసి ఒళ్ళో పెట్టుకుని తమ్ముడి మంచం మీద కూర్చున్నాడు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు.

అమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. తడి చెయ్యి తుడుచుకుని అతని నుదుటి మీద పెట్టి చూసింది.

"ఎలా వాడిపోయావో చూడు! అందుకే, పనిలో పనిగా నీ సంగతీ వాళ్ళ చెవిన వేశాను. మా పెద్దాడు వీడికన్నా అలిసిపోయాడు బాబూ, నిద్దట్లో కూడా 'ఇదంతా అబద్ధం, ఇక నావల్ల కాదు' అని కలవరిస్తున్నాడు అన్నాను. పాపం, ఎంత మంచివాళ్ళురా! మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. రేపు పొద్దున్నే వచ్చి, నిన్నూ తమ్ముడి పక్కనే పడుకోబెడతామన్నారు."