నెమ్మదిగా తొక్కి చూడండి

"ఇది బండి కాదయ్యా, గుర్రం!"

మెకానిక్ కాలు యాక్సిలరేటర్ పెడల్ మీద ఒక్కసారిగా పడింది. పాత డీజిల్ వ్యాను గర్జించి షెడ్డునంతా పొగతో నింపేసింది.

పేటలో అందరూ అతన్ని డాక్టరనే పిలుస్తారు. బండి రోగం ఇట్టే పట్టేస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి ఇష్టం. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే ఇష్టం.

వ్యాను డ్రైవరు తల గోక్కున్నాడు.

"ఒక్కోసారి ఎంత తొక్కినా పలకట్లేదన్నా. ఉన్నట్టుండి చల్లబడిపోతుంది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే."

"కంప్యూటర్లో ఏ తప్పూ చూపించట్లేదు. బండి నిద్రపోవట్లేదు, నీ కాలే నిద్రపోతోంది."

డ్రైవరు వెనక నిలబడిన ముసలాయన గొంతు సవరించుకున్నాడు. సన్నటి మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు.

"అలా ఒకేసారి తొక్కితే దొరకదండీ. నెమ్మదిగా తొక్కి చూడండి. కాలు ఎంత నొక్కిందో ఇంజనుకి చెప్పేది ఆ పెడల్ సెన్సరే కదా. సగంలో ఎక్కడో అరిగిపోయి అబద్ధం చెబుతోందేమో."

"తమరెవరు?"

"ఈ వ్యాన్లో వస్తూ పోతూ ఉంటానండీ."

"ప్యాసింజరా! తాతకు దగ్గులు నేర్పకండి. పోలీసులు కూడా యాక్సిడెంటు బళ్ళు నా దగ్గరికే తెస్తారు. కోర్టులో జడ్జిగారే నా మాట నమ్మారు, తెలుసా?"

"తెలుసండీ," అన్నాడు ముసలాయన.

ఆ తర్వాత మెల్లగా, "రోజూ రైలు పట్టాలు దాటాలండీ. ఇరవైమంది ఎక్కే బండి," అన్నాడు.

డాక్టరు అప్పటికే చేతులు తుడుచుకుంటున్నాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర భార్యకు ఈ సంగతి చెప్పాడు. ఆమె బట్టల మిల్లులో పని చేస్తుంది. రోజూ ఆ వ్యాన్లోనే వెళ్తుంది.

"ఆ ముందు సీటాయనా? అదో రకం మనిషి. మిల్లులో ఆయనకి పనే లేదు. మాతో వస్తాడు, మాతో పోతాడు. పట్టాల దగ్గరికి రాగానే తలుపు తీసి పట్టుకుంటాడు. దుమ్మంతా మా మొహాల మీదే. తిట్టినా మూయడు."

"కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం."

ఇద్దరూ నవ్వుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ ఆమె అంది:

"పోనీ, ఆయన చెప్పినట్టు ఒకసారి తొక్కి చూడాల్సింది."

"నువ్వూ మొదలెట్టావా?"

కొన్నాళ్ళకు ముసలాయన ఒక్కడే మళ్ళీ వచ్చాడు. డాక్టరు లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు.

"ఒక్క నిమిషం పనండీ. డ్రైవరు బండి బయటే పెట్టాడు."

"ఖాళీ లేదు."

లారీ కింద నుంచి చెప్పులు మాత్రమే కనిపించాయి. అవి కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెళ్ళిపోయాయి.

మంచు పట్టిన ఒక ఉదయం, కాపలా లేని ఆ పట్టాల మీద వ్యాను ఆగిపోయింది.

భార్య ఇంటికొచ్చింది. మోచేతులు గీరుకుపోయాయి.

"తలుపు తీసే ఉంది కాబట్టి అందరూ దూకేశారండీ. నా కాలు వెనక సీటు కింద ఇరుక్కుంది. అప్పటికే దిగిపోయిన ఆ ముందు సీటాయన మళ్ళీ ఎక్కాడు. కాలు లాగి, నన్ను బయటికి తోసేశాడు. తను దిగేలోపే రైలొచ్చేసింది."

డాక్టరు ఆమె తల నిమురుతూ కూర్చున్నాడు.

మర్నాడు పోలీసులు వ్యాన్ని షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. వెనక భాగం నుజ్జునుజ్జయింది. ముందు భాగం మిగిలింది. డ్రైవరు ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఏడుస్తూ నిలబడ్డాడు.

"తొక్కితే పలకలేదంటున్నాడు," అన్నాడు ఎస్సై. "డ్రైవర్లంతా పాడే పాటే. బండిలో లోపం లేదని నువ్వంటే వీడు లోపలికే."

డాక్టరు బ్యాటరీ తగిలించి, కంప్యూటరు కలిపి, సీట్లో కూర్చున్నాడు. అలవాటుగా కాలు పైకి లేచింది. లేచిన కాలు అక్కడే ఆగింది.

మెల్లగా దించాడు. చాలా మెల్లగా.

తెర మీద గీత కాలితో పాటే పైకి పాకింది. సగం దాకా వచ్చి, దబ్బున కిందికి పడిపోయింది. ఇంకొంచెం నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ పైకి లేచింది.

మళ్ళీ తొక్కాడు. అదే చోట పడింది. పట్టాలు దాటేటప్పుడు ఏ డ్రైవరు కాలైనా ఉండేది సరిగ్గా అక్కడే.

"ఇతని తప్పేం లేదు సార్. సెన్సరు అరిగిపోయింది. ఒకేసారి తొక్కితే కనపడదు."

డ్రైవరు కుప్పకూలి బావురుమన్నాడు.

ఎస్సై టోపీ తీసి బానెట్ మీద పెట్టాడు.

"చనిపోయినాయన ఎవరో తెలిసింది. ఒకప్పుడు ఈ బండికి ఆయనే డ్రైవరు. అప్పుడిది తెల్లరంగు. ఆ పట్టాల మీదే ఆగింది, మనుషులు పోయారు. తొక్కితే పలకలేదని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదట. ఎవరో మెకానిక్ బోనెక్కి, బండి గుర్రంలా ఉందని చెప్పాడు. ఈయన ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. బండికేమో వెనక భాగం కొత్తది కట్టి, రంగు మార్చి అమ్మేశారు."

డాక్టరు కాలు పెడల్ మీదే ఉండిపోయింది.

ఆ రోజు కోర్టులో సాక్ష్యం చెప్పి గర్వంగా దిగి వస్తూ అతను ముద్దాయి ముఖం వైపు ఒక్కసారైనా చూడలేదు. చూసి ఉంటే, తన భార్యను బతికించిన మనిషిని షెడ్డుకొచ్చిన మొదటి రోజే గుర్తుపట్టేవాడు.