చల్లటి ఇంట్లో తనిఖీ

పుంగనూరుకు ఆరు కిలోమీటర్ల అవతల కొత్తగుట్టపల్లెలో ముసలివాళ్ల కోసం కట్టిన ఇల్లు తెరిచి పద్దెనిమిది రోజులైంది. ఇంతవరకూ ఒక్కరూ గడప తొక్కలేదు.

అది 2002 వేసవి. ఇల్లు కట్టించింది సుధారాణి. మదనపల్లెలో ఆమె, భర్త ఉమాశంకర్ కలిసి ఆర్కిటెక్టు ఆఫీసు నడుపుతున్నారు. ఇంట్లోవాళ్లు పొలానికో టమోటా మార్కెట్టుకో పోయాక పెద్దవాళ్లు పగలంతా ఒకచోట చేరాలని, ఇంత తిని, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం ఇళ్లకు వెళ్లాలని ఆమె ఆశ. అక్కడి మట్టినే ఇటుకలుగా పోయించి మందంగా గోడలు లేపింది. గోడల అడుగున చిన్న కంతలు, కప్పు దగ్గర పెద్ద కంతలు వదిలింది. కింద చల్లగాలి వస్తుంది, పైన వేడిగాలి పోతుంది. ఒక్క ఫ్యాను లేదు. వంటగదిలో ఒక బల్బు, అంతే.

ఎదురింటి పాపక్కను నాలుగుసార్లు బతిమాలింది.

"నేను ఆడికొస్తే మా కోడలు కూడు పెట్టలేదనుకుంటారమ్మా," అంది పాపక్క.

ఊళ్లో పెద్దవాళ్లందరిదీ అదే మాట.

సర్పంచి రామప్ప నాన్చకుండా చెప్పాడు. "నెలాఖరు దాకా సూస్తానమ్మా. ఎవురూ రాకుంటే టమోటా బాక్సులు పెట్టుకుంటాం. సల్లగుండాది, కాయ సెడిపోదు."

ఇల్లు టమోటాల పాలైతే కుప్పంలో అనుకున్న రెండో ఇల్లూ లేనట్టే. ఇది నడిచే తీరు చూసి చెప్తామన్నారు కుప్పం వాళ్లు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. ఖాకీ చొక్కా, నెరిసిన మీసం, జేబులో టెస్టరు, చంకలో నోటుబుక్కు.

"నన్ను కరెంటు నల్లప్ప అంటారు. బయట మాడిపోతాండాది. ఈడ యాల ఇంత సల్లగుండాది?" అన్నాడు.

సుధారాణి గోడల గురించి, కంతల గురించి వివరంగా చెప్పింది. నల్లప్ప ఓపిగ్గా విన్నాడు.

"కరెంటు దొంగిలించేటోళ్లు గూడా బాగానే సెప్తారమ్మా. ఏసీ యాడనో దాసిపెట్టిండారు. తనిఖీ సేయాల."

గోడకు చెవి ఆనించాడు. నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లదనం కింద నుంచి వస్తున్నదేమో తేల్చాలని బండల మీద వెల్లకిలా పడుకున్నాడు. మోటారు చప్పుడు వినాలని కళ్లు మూసుకున్నాడు. పది నిమిషాల్లో మోటారు చప్పుడు వినిపించింది కూడా. అది నల్లప్పదే.

సాయంత్రం లేచి, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. "ఒక పొద్దుకు తేలేది కాదమ్మా ఇది. రేపు సాక్షుల్ని పిల్సుకోనొస్తా."

ఇల్లు నిలదొక్కుకునేదాకా ఊళ్లోనే ఉంటున్న సుధారాణి ఆ సాయంత్రమే ఉమాశంకర్‌కు ఫోన్ చేసింది. కరెంటు దొంగతనం కేసు పడితే కుప్పం వాళ్లేం ఖర్మ, మదనపల్లెలో కూడా ఎవరూ తమ మొహం చూడరని ఏడ్చినంత పని చేసింది.

మర్నాడు నల్లప్ప వెంట పాపక్క వచ్చింది.

"ముసిలోళ్ల ఇంటికి కాదమ్మా నేనొచ్చింది. గవర్మెంటు పనికి సాచ్చం పిలిస్తే రాకుంటే ఎట్ల?" అని కిటికీ పక్కన బాగా గాలొచ్చే చోటు చూసుకుని కూర్చుంది.

మూడో రోజుకు సాక్షులు ఐదుగురయ్యారు. ఏసీ ఏ మూల ఉందో తెలియదు కాబట్టి మూలకొకరు కావాలన్నాడు నల్లప్ప. మధ్యాహ్నం వంటావిడ రాగిముద్ద, నంజుకోను ఊరుబిండి వడ్డించింది. సాక్షి ఆకలితో ఉంటే సాక్ష్యం చెల్లదని నల్లప్ప చెప్పడంతో అందరూ కడుపునిండా తిన్నారు. తర్వాత ఇద్దరు ముసలాళ్లు సుద్దముక్కతో నేల మీద పులిజూదం గీసుకున్నారు. అదేమిటని సుధారాణి అడిగితే, వైర్లు పోయే దారి గీస్తున్నామన్నారు. పాపక్క ఎవరితోనూ మాట్లాడనన్నదల్లా, ఇంకో సాక్షి మునిలక్ష్మమ్మ జుట్టుకు నూనె పెడుతూ తన పెళ్లినాటి కథ మొత్తం చెప్పేసింది.

నెలాఖరుకు సాక్షులు ఇరవైముగ్గురు.

రామప్ప వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల పదిమంది నిద్రపోతున్నారు, మిగతావాళ్లు నవ్వుకుంటున్నారు.

"ఏమిమ్మా ఇదంతా?"

"తనిఖీ జరుగుతాందన్నా," అంది సుధారాణి తలదించుకుని.

రామప్ప నల్లప్పను చూశాడు. నల్లప్ప నోటుబుక్కు తెరిచి గంభీరంగా పేజీ తిప్పాడు. రామప్ప మీసం మీద చెయ్యేసుకుని కొంచెంసేపు దగ్గాడు.

"అయితే బాక్సులు పెట్టేది కుదరదు. గవర్మెంటు పని జరిగినన్నాళ్లు మనం అడ్డం పోగూడదు," అని వెళ్లిపోయాడు.

సుధారాణికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఎప్పుడు ముగుస్తుందా అని దిగులుపడిన తనిఖీయే ఇప్పుడు తన ఇంటిని నిలబెడుతోంది.

ఆ సాయంత్రం నల్లప్ప బయల్దేరుతూ, "నోటుబుక్కు అయిపోవచ్చిండాదమ్మా," అన్నాడు.

సుధారాణి లెక్కేసుకుంది. పుస్తకం నిండితే రిపోర్టు. రిపోర్టు వెళ్తే సాక్షులు ఎవరిళ్లకు వాళ్లు. ఆ వెనకే టమోటా బాక్సులు.

తెల్లారగానే బస్సెక్కి పుంగనూరు కరెంటాఫీసుకు వెళ్లింది. ఇంజనీరు ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, కొత్తగుట్టపల్లెలో మా ఇంట్లో కరెంటు దొంగతనం జరుగుతాందని అనుమానం. ఇంకా తేలలేదు. దయచేసి తనిఖీ ఇంకో ఆరు నెలలు పొడిగించండి."

తన మీద తనిఖీ కావాలని అడిగినవాళ్లను ఆ ఇంజనీరు తన సర్వీసులో చూసి ఎరగడు. పెన్ను కింద పెట్టాడు.

"కూసోమ్మా. తనిఖీకి వచ్చింది ఎవురు?"

"మీ నల్లప్పగారే సార్. చాలా నిక్కచ్చి మనిషి. ఊళ్లో ఇరవైముగ్గురు పెద్దవాళ్లు సాక్షి సంతకాలు కూడా పెట్టారు."

ఇంజనీరు ఆమెను ఎగాదిగా చూశాడు.

"మా నల్లప్ప రిటైరై ఆరేళ్లాయె గదమ్మా, ఆ పొద్దు ఆ ఊరి ముసిలోళ్లంతా ఈడికే వచ్చి, ఆయప్పకు పూలమాలలేసి, ట్రాక్టర్లో కూసోబెట్టుకోని పోయినారే."