పగలని పళ్ళెం

ఓడలో వంటవాడిగా పనిచేసే హరిబాబు సెలవు మీద చోడవరం వస్తూ, అలెగ్జాండ్రియా రేవు దగ్గర కొన్న పాత మట్టిపళ్ళెం తెచ్చాడు.

"ఆ ఊళ్ళో నేల కింద సమాధులు సూడ్డానికి టూరిస్టులు ఎగబడతారే. పూర్వం సచ్చినోళ్ళ సుట్టాలు అక్కడే బోజనాలు సేసి, ఇంటికి తేకూడదని పళ్ళేలు పగలగొట్టేసీవోరంట. ఇదొక్కటే పగల్లేదని అమ్మినోడు సెప్పేడు," అని భార్య రాజ్యానికి గొప్పగా చూపించాడు.

రాజ్యానికి ఒళ్ళు మండిపోయింది.

"బుద్దుందేటి నీకు? స్మశానానికెళ్ళొస్తే తానం సెయ్యందే గడప తొక్కనివ్వమే, సచ్చినోళ్ళ కాడ తిన్న ఎంగిలి కంచం నా వంటింట్లోకి తెస్తావా?" అంటూ దాన్ని పెరట్లోకి విసిరేసింది. అది చెరకు పిప్పి కుప్ప మీద మెత్తగా పడింది.

ఆ రాత్రి కరెంటు పోయాక, వంటింట్లో ఎవరో నిదానంగా నములుతున్న చప్పుడు వినిపించింది. రాజ్యం సెల్‌ఫోను లైటు వేసుకుని వెళ్ళేసరికి చప్పుడు ఆగిపోయింది. గట్టు మీద ఆ మట్టిపళ్ళెం ఉంది. అందులో రాత్రి మిగిలిన అన్నం, సగం తిని ఉంది.

భయం కన్నా ముందు కోపమే వచ్చిందామెకు. "నా ఇంట్లో కూకుని తినడానికి ఎవులివి నువ్వు?" అంటూ పళ్ళెం ఎత్తి నేలకేసి కొట్టబోయింది. అది లేవలేదు. అవతలి అంచును ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

ముందుగదిలో హరిబాబు గురక వినిపిస్తూనే ఉంది.