అవార్డు దాకా వెళ్లిన నవల

ఆ నవల శుద్ధ దండగ. అందులో రెండో మాట లేదు. అవార్డుకి పోటీలో నిలబడిందట. నిలబెట్టినవాళ్లు విని ఉండరు.

గడియారాలు బాగుచేసే ఆయన, పోయిన భార్య ఫోన్‌ను బల్ల మీద కూతురి వైపు తోశాడు. ఆఖరి రోజుల దాకా ఆవిడ చెవిలో మోగింది ఈ ఆడియో నవలే. మొగుణ్ణి మించి ఇందులో ఏముందో తేల్చుకుందామని వారంగా కొట్లో పెట్టుకుని వింటున్నాడు.

“దీన్ని తీసెయ్. నాకు చేతకావడం లేదు.”

“అమ్మకి ప్రాణం నాన్నా అది.”

“మీ అమ్మకేం, పనీపాటా లేదు. ఇందులో ఒకామె తలుపు తీయడానికి లేస్తుంది. నేనొక గోడగడియారం విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. ఆమె ఇంకా గడప దగ్గరికే రాలేదు.”

పక్క జెరాక్స్ కొట్టతను లోపలికి తల పెట్టాడు. “నిజమే చెల్లెమ్మా. ఆ చదివే ఆవిడకి రోజుకూలీ ఇస్తున్నట్టున్నారు. పని తెమలనివ్వదు.”

“నిన్నెవరడిగారు?” అన్నాడాయన. అతను నవ్వుకుంటూ పోయాడు.

కూతురు ఫోన్ అందుకుంది. తీసెయ్యబోయి ఆగింది.

“ఇంకా అలాగే ఉంది.”

“ఏమిటి?”

“నవల నెమ్మది కాదు నాన్నా. వేగం బాగా తగ్గించి పెట్టి ఉంది.”

“నేను ముట్టుకోలేదు.”

“అమ్మే పెట్టుకుంది.”

“అదీ సంగతి. తెలియనివాటి జోలికి పోవద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను. వింటేగా.”

“తెలిసే పెట్టుకుంది. నేను సరిచేయబోతే వద్దంది.”

“ఎందుకట?”

కూతురు ఆయన ముఖంలోకి చూడలేదు. “తొందరగా అయిపోతే ఇంట్లో నాతో మాట్లాడేదెవరే, అంది.”

ఆయన భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. ముందున్న బల్ల మీద గడియారమేదీ లేదు.

“మామూలు వేగానికి పెట్టనా? తీసెయ్యనా?”

“ఉన్నట్టే ఉండనీ. ఇలా తే.”

ఫోన్ పైజేబులో పెట్టుకుని, తల వంచుకునే అన్నాడు.

“ఇంక దీని ఊసు నా దగ్గర ఎత్తకు.”