శనగగింజంత

సోలో పట్టణపు సందులో తిరిగి అమ్మే జామూ అనే మూలికల రసం సీసాల బుట్ట వీపు మీంచి దించగానే పోనిరా, చెల్లెలు లస్త్రి మెడ తడిమింది. గడ్డ లేదు.

"కరిగిపోయిందటగా!" పక్కింటావిడ గ్లాసు చాచింది. "నాకూ ఆ జామూయే పొయ్యి వదినా."

పోనిరా పసుపు, చింతపండు కలిపిన రసం పోసింది.

"తెల్లపొడి వెయ్యలేదేం?"

"మానేశాను."

"నీకేమన్నా పిచ్చా? నా మోకాళ్ళని నిలబెట్టిందే ఆ పొడి!"

సంతలో కొన్న పొడి అది. చెల్లెలికీ అదే కలిపి పోసింది. అది స్టెరాయిడ్ అని డాక్టరు చెప్పేదాకా తెలియదు.

"గడ్డని కరిగించింది. రోగంతో పోరాడే కణాల్నీ చంపింది. రోగం మాత్రం లోపలే ఉంది," అన్నాడాయన. "గడ్డ మళ్ళీ లేస్తేనే ముక్క తీసి పరీక్షించి, అదేమిటో తేల్చి, సరైన మందు ఇవ్వగలను."

అప్పటినుంచీ రోజూ ఇంతే. పోనిరా తడుముతుంది, లేదంటుంది. లస్త్రి తల ఊపుతుంది.

ఓ పొద్దున లస్త్రే అక్క చెయ్యి పట్టుకుని చెవి కింద పెట్టుకుంది. "చూడక్కా. శనగగింజంత."

పోనిరా నొక్కి చూసింది. గట్టిగా తగిలింది.

"అమ్మయ్య," అంది.

"ఊఁ. అమ్మయ్య," అంది లస్త్రి.