టార్పాలిన్ కింద ఫ్రిజ్

“కొంచెం గట్టిగా చెప్పమ్మా, మైకులో పడాలి. ఈ కాయ ఎందుకు కోశావు? పక్కది ఎందుకు వదిలేశావు?”

శిక్షణ సారు అలా అడిగేసరికి పెద్దకోడలు మురిసిపోయింది. ఇన్నేళ్ళుగా టమాటాలు కోస్తోంది గానీ, ఎందుకు కోశావని అడిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఇంట్లో మొగుడి సంగతి సరేసరి, ఆవిడ నోరు తెరిస్తే చాలు, చెప్పులేసుకుని బయటికి పోతాడు.

“ఇది దోరకాయ సారూ! పైన పచ్చగానే ఉంటుంది. అడుగు చూడాలి. అడుగున ఎరుపు తిరిగిందంటే, బండెక్కి మార్కెట్టుకి చేరేసరికి నిగనిగలాడిపోతుంది. ఆ పక్కది ఇంకా పసిది, దాని జోలికి పోకూడదు.”

“అద్భుతం! కోయడం మళ్ళీ చూపించు. నెమ్మదిగా.”

టమాటా తోటలోని ఆ గాజు షెడ్డు గుమ్మానికి ఇంత పొడుగు బ్యానరు కట్టారు: ‘నైపుణ్య శిక్షణ. మన తోటలకు కొత్త చేతులు’. కొత్త చేతులట! లోపలున్న ఆరుగురు ఆడవాళ్ళవీ పుట్టినప్పటి నుంచీ ఉన్న పాత చేతులే. వైర్లు కుట్టిన తొడుగులు తొడిగి, నెత్తిన లైటున్న టోపీ పెట్టేసరికి కొత్తవైపోయాయి కాబోలు. శిక్షణంటే అంతే మరి, ఏమీ నేర్పకపోయినా టోపీ మాత్రం పెడతారు.

అయినా పెద్దకోడలికి ఆ టోపీ ప్రాణంతో సమానం. శిక్షణ అయ్యాక ఇక్కడ కోత పని పర్మినెంటుగా ఇస్తామన్నారు, అదీ ఒక్క పోస్టే. అది దొరికితే రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, మేస్త్రీ ఎవరిని వేలు చూపించి పిలుస్తాడా అని దేబిరించక్కర్లేదు. పోయిన సీజన్లో ఆ మేస్త్రీ “నువ్వొద్దులే, నోరెక్కువ” అని అందరి ముందూ వెనక్కి పంపాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తోడికోడలు మెల్లగా మొదలుపెట్టింది.

“అక్కా, ఇదేం బడి? సారు ఒక్క ముక్క చెప్పడు, అన్నీ మనల్నే అడుగుతాడు.”

“పరీక్షంటే అంతేనే పిచ్చిమొహమా! మాస్టారు అడుగుతాడు, మనం చెప్తాం.”

“నిన్న నేను కాయ నలిపేస్తే తిట్టలేదు. తప్పు కూడా కావాలి, ఇంకోసారి నలుపు అన్నాడు.”

“నీ అదృష్టం. అత్తయ్య బతికుంటే వీపు విమానం మోత మోగేది.”

“మరి కరెంటు పోతే క్లాసు ఆపేస్తాడెందుకు? పట్టపగలేగా, గాజు షెడ్డేగా!”

“ఫ్యాను లేనిదే ఉండలేడు పాపం, సుకుమారం. నోరు మూసుకుని తిను.”

దీనికి పోస్టు మీద కన్ను పడింది, అందుకే ఈ పుల్లవిరుపు మాటలు అనుకుంది పెద్దకోడలు. పైగా బహుమతి మీద కూడా పడిందేమో!

బహుమతి అంటే, షెడ్డు మూలన టార్పాలిన్ కప్పి ఉంచిన వస్తువు. నిలువెత్తుంది. దాని వైరు గోడ ప్లగ్గులో ఉంది. దగ్గరికెళితే గుయ్‌మని సన్నటి చప్పుడు. అది బహుమతనీ, ఫ్రిజ్ అనీ తేల్చింది పెద్దకోడలే. శిక్షణలో ఫస్టు వచ్చినవాళ్ళకి ఫ్రిజ్ కాక ఇంకేమిస్తారు? ఆ సాయంత్రం వంటింట్లో బియ్యం డబ్బా పక్కకి జరిపి జాగా కొలిచింది.

“ఏం చేస్తున్నావు?” అన్నాడు మొగుడు.

“ఫ్రిజ్ వస్తోంది.”

“ఎవరిస్తున్నారు?”

“నా తెలివితేటలు!”

మొగుడు చెప్పులేసుకున్నాడు.

మర్నాడు సారు ఆవిడ ముందు నిలబడి బతిమాలినంత పని చేశాడు. “అంతా చెప్పేశావా అమ్మా? ఇంకేమీ మిగల్లేదా?”

మిగిలింది ఒక్కటే. పోయిన అత్తయ్య చెవిలో చెప్పి, చిన్నకోడలికి కూడా చెప్పొద్దని మాట తీసుకున్న కిటుకు. పెద్దకోడలు ఒక్క క్షణం తటపటాయించింది. గేటూ, మేస్త్రీ వేలూ కళ్ళ ముందు కదిలాయి. అంతే, గుట్టు విప్పేసింది.

“తొడిమ మధ్యలో ముడి ఉంటుంది సారూ. బొటనవేలు అక్కడ ఆనించి పైకెత్తాలి, లాగకూడదు. ఎత్తితే అదే చేతిలోకి వచ్చేస్తుంది. కొమ్మకి తెలియను కూడా తెలియదు.”

తోడికోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం అక్కా?”

“నువ్వు అడిగావా? సారు అడిగాడు.”

అనేసింది గానీ, తోడికోడలి మొహం వైపు మాత్రం తిరగలేదు. సారు అదే పని మళ్ళీ మళ్ళీ చేయించాడు. చివరికి టోపీ మీద పచ్చలైటు వెలిగింది. ఆయన ఫోను తీసి “అయిపోయిందండీ, రేపే” అన్నాడు. తర్వాత అందరి తొడుగులూ తీసుకున్నాడు. “ఇక మీకు అవసరం లేదమ్మా.”

చివరి రోజు షెడ్డు నిండా కుర్చీలు. తోట యజమాని దిగాడు. గేటు దగ్గర మేస్త్రీ కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. నా మొహం చూడలేక పారిపోయాడు వెధవ అని పెద్దకోడలు సంబరపడింది. ఆరుగురికీ సర్టిఫికెట్లు పంచారు.

“ఈ తల్లుల నైపుణ్యం ఊరికే పోదు, ప్రతి తోటకీ చేరుతుంది!” అన్నాడు యజమాని. చప్పట్లు మోగాయి. “ఇక ఈ సీజన్ నుంచి కోత పని ఎవరిదో చెప్పేస్తాను.”

పెద్దకోడలు జుట్టు సవరించుకుని సగం లేచింది. యజమాని ఆవిడ పక్కనుంచే నడుచుకుంటూ మూలకి వెళ్ళాడు.

“చూశావా, ముందు ఫ్రిజ్ ఇచ్చేస్తున్నారు,” అంది తోడికోడలి చెవిలో. “నువ్వేం బాధపడకు, నీ పాలూ పెరుగూ కూడా అందులోనే పెట్టుకుందువుగాని.”

సారు టార్పాలిన్ లాగేశాడు.

ఫ్రిజ్‌కి ఆరు ఇనుప చేతులున్నాయి.