ఏడు ఆర్లు

లెక్కల మాస్టారూ ఆయన కూతురూ రోజూ రాత్రి ఒకే పదకొండంకెల సంఖ్యను వంతులవారీగా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించేవారు. శేషం సున్నా వస్తే ఆట అయిపోయినట్టే.

“సున్నా రాకూడదు నాన్నా!” అనేది ఆ పిల్ల.

అరవై ఒకటితో ఆయన భాగించిన మర్నాడే ఆమె పోయింది. ఆమె వంతు, అరవై ఏడు, ఖాళీగా ఉండిపోయింది.

ఏడాది తర్వాత ఈ రాత్రి పక్కగదిలో పెన్సిలు గీకిన చప్పుడు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. వాళ్ల ఆట పుస్తకంలో మాత్రం అరవై ఏడుతో భాగహారం పూర్తయి ఉంది. శేషం మూడు. ఏడు ఆర్లు ముప్పై తొమ్మిదట, ఆ పిల్ల ఎప్పుడూ చేసే తప్పే. నలభై రెండని దిద్దితే మిగిలేది సున్నా.

మాస్టారు ఎర్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు.

“ముప్పై తొమ్మిదేలేమ్మా,” అన్నారు.

తన వంతు డెబ్బై ఒకటి ముగించి, పెన్సిలు పక్క కుర్చీ వైపు జరిపి లైటు ఆర్పారు.

చీకట్లో కుర్చీ కిర్రుమంది.